పాత చిన్న ట్రాక్టరుతో కూరగాయ మళ్లలో కలుపు తీయడం: మడి కొలత నుంచి కర్రు బిగింపు దాకా

ఉల్లి, క్యారెట్, బీట్‌రూట్ లాంటి పంటలు మొలిచిన తొలి వారాల్లో కలుపుతో పోటీ పడలేవు. ఆకు సన్నం, ఎదుగుదల నిదానం, నేలకు నీడ పట్టే బలం ఉండదు. చిన్న విస్తీర్ణంలో అయితే చేతిపనిముట్లతో నెట్టుకు రావచ్చు. సాగు పెరిగేకొద్దీ కూలీలు దొరికే వేళా కలుపు లేచే వేళా కలవవు, ఒక్క వారం ఆలస్యమైతే మడి చేజారిపోతుంది. పోనీ పెద్ద ట్రాక్టరు దింపుదామంటే పనిముట్టు వెనక ఉంటుంది, డ్రైవరు చూపు ముందుంటుంది. మెడ తిప్పి చూసుకునే లోపే నాలుగు బారల వరుస కర్రుకింద పోతుంది.

ఈ ఇబ్బందికి 1940ల్లోనే అమెరికాలో మంచి సమాధానం దొరికింది. డ్రైవరు కూర్చున్న చోటి నుంచి, తన కాళ్ల ముందు, ట్రాక్టరు పొట్ట కింద కర్రు ఎక్కడ నడుస్తోందో కళ్లారా చూసుకునే చిన్న ట్రాక్టర్లు అప్పుడు వచ్చాయి. వాటిలో చాలా భాగం నేటికీ నడుస్తున్నాయి. వాటిని ఎంచుకోవడం, బిగించడం, నడపడం ఎలాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఈ పనిలో ట్రాక్టరుది రెండో స్థానం. కర్రు మొక్కకు ఎంత దగ్గరగా వెళ్లగలదన్నది విత్తనం వేసిన రోజే తేలిపోతుంది. వరుస వంకర పోయాక ఎంత మంచి యంత్రం తెచ్చినా దాన్ని సరిచేయలేదు.

మొదటి అడుగు: మడి కొలత ఖాయం చేసుకోవడం

ట్రాక్టరు కోసం వెతకడానికి ముందే ఒక కొలత రాసి పెట్టుకోండి. ఒక చక్రం నడుమ నుంచి రెండో చక్రం నడుమకు ఎంత దూరం? మడి చేసే ట్రాక్టరు, విత్తనం వేసే ట్రాక్టరు, కలుపు తీసే ట్రాక్టరు మూడూ అదే దారిలో నడవాలి. ఇది కుదరకపోతే తర్వాత చెప్పేవేవీ కుదరవు.

ఎక్కువ మంది వాడే 60 అంగుళాల కొలతనే తీసుకుందాం. మడి నడి గీత మీద ఒక వరుస, దానికి అటూ ఇటూ 15 అంగుళాల దూరంలో చెరొకటి వేస్తే మూడు వరుసలవుతాయి. ఉల్లి, ఆకుకూరలు, బీట్‌రూట్ ఇలా మూడు వరుసల్లో వెళ్తాయి. క్యాబేజీ లాంటివాటికి నడి వరుస వదిలేసి పక్క రెండూ వాడుకోవచ్చు. గుమ్మడి, టమాటాలకు నడి వరుస ఒక్కటే చాలు. వరుసలు మూడైనా రెండైనా ఒకటైనా వాటి స్థానాలు మారవు కాబట్టి కర్రుల బిగింపు దాదాపు మార్చనక్కర్లేదు. పంటపంటకూ వేరే దూరం పెట్టుకుంటే మాత్రం సీజనంతా స్పానర్ పట్టుకుని షెడ్డులోనే గడపాల్సి వస్తుంది.

ట్రాక్టరు ఎంపికా ఈ కొలతతోనే ముడిపడి ఉంది. ఆలిస్-చామర్స్ జి అనే పాత చిన్న ట్రాక్టరు చక్రాల దూరాన్ని సుమారు 36 నుంచి 64 అంగుళాల వరకు మార్చుకోవచ్చు. అలాంటిదే ఇంకొకటైన ఫార్మాల్ కబ్‌కు అది 40 నుంచి 56 అంగుళాల దాకానే. మీ మళ్లు ఇప్పటికే 60 అంగుళాలవైతే, కబ్ ఎంత చక్కని బండి అయినా మీకు సరిపోదు.

ఏ ట్రాక్టరు?

ఆలిస్-చామర్స్ జి ఈ పని కోసమే పుట్టినట్టు ఉంటుంది. 1948 నుంచి 1955 వరకు అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్‌లో తయారైంది. ఇంజిన్ వెనక, సీటు దాని ముందు. సీటుకు ముందు రెండు సన్నని గొట్టాల చట్రం తప్ప చూపుకు అడ్డం వచ్చేది ఏదీ ఉండదు. నాలుగు సిలిండర్ల కాంటినెంటల్ ఎన్62 ఇంజిన్, బలం సుమారు 10 హార్స్‌పవర్. ఆ బలం చూసి చిన్నచూపు చూడకండి. రెండు మూడు సెంటీమీటర్ల లోతున మట్టి కదపడానికి అంతకన్నా అక్కర్లేదు. అసలు సొత్తు దాని ప్రత్యేకమైన నిదానపు గేరు. వేలెడంత క్యారెట్ మొక్కల పక్కన మనిషి నడకకన్నా మెల్లగా పాకించవచ్చు. మాసీ-హారిస్ పోనీలోనూ ఇదే ఎన్62 ఇంజిన్ ఉంటుంది, ఇంజిన్ సామాను వెతికేటప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

ఫార్మాల్ కబ్ 1947 నుంచి 1979 వరకు వచ్చింది, రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంజిన్ ఎడమకు, సీటు కుడికి జరిపి ఉంటాయి కాబట్టి బానెట్ పక్క నుంచి నేరుగా నేల కనిపిస్తుంది. ఒక వరుస పంటలకు దీన్ని మించింది లేదు. లోపాలు రెండు. ముందుకు మూడే గేర్లు, మొదటి గేరు కూడా చిన్న మొక్కల దగ్గర కాస్త వేగమే, యాక్సిలరేటర్ బాగా తగ్గించి నడపాలి. రెండోది, దీనికి వాటర్ పంపు ఉండదు. వేడెక్కిన నీరు పైకి, చల్లారిన నీరు కిందికి తనంతట తాను తిరుగుతుంది. రేడియేటర్‌లో మట్టం తగ్గినా, ముందు జాలీకి చెత్త పట్టినా ఆ తిరుగుడు ఆగి ఇంజిన్ కాగిపోతుంది.

మరికాస్త బరువు, బలం కావాలంటే అదే పక్కకు జరిపిన అమరికతో ఫార్మాల్ సూపర్ ఎ, దాని తర్వాతి తరం 140 ఉన్నాయి. 140 కూడా 1979 దాకా తయారైంది. బోదెలు ఎగదోసే పనికి ఇవి మేలు. డీజిల్ కావాలనుకునేవారు కుబోటా ఎల్245 హెచ్ కోసం చూస్తారు. మూడు సిలిండర్లు, ఎత్తైన ఇరుసు, సీటు పక్కకు. ఆలిస్-చామర్స్ జి ట్రాక్టరుకు ఇంజిన్ వెనక విడిగా ఉండటంతో దాన్ని తీసేసి ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీలు అమర్చుకున్న రైతులు అమెరికాలో ఉన్నారు. తేలిక పని, తక్కువ వేగం, పొగా చప్పుడూ లేని నడక. కలుపు తీతకు బాగా నప్పే మార్పు ఇది.

కొనేముందు చూడాల్సినవి

ఇంజిన్ గురించి అందరూ చూస్తారు. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, నీలి పొగ వస్తుందేమో చూడండి, ఆయిల్ కడ్డీ మీద పాలరంగు ఉంటే ఆయిల్‌లో నీరు కలిసిందని అర్థం. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) దగ్గర దగ్గరగా ఉండాలి. ఇంజిన్‌లో ఏది చెడినా బాగుచేయించుకోవచ్చు.

కలుపు ట్రాక్టరుకు అంతకన్నా ముఖ్యం స్టీరింగ్. స్టీరింగ్ చక్రాన్ని అటూ ఇటూ వేళ్లతో కదపండి, ముందు చక్రం కదలడానికి ముందు ఎంత ఖాళీగా తిరుగుతోంది? తర్వాత ముందు ఇరుసును జాకీతో లేపి చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపండి. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు), బుష్, బేరింగ్ అరిగి ఉంటే టకటకమని తెలిసిపోతుంది. దున్నే ట్రాక్టరుకు ఆ వదులు పెద్ద లెక్క కాదు. మొక్కకు అయిదు సెంటీమీటర్ల పక్కన కత్తి నడిపేవారికి అదే పంట పోవడానికి కారణం.

పనిముట్లు ఎత్తి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. హైడ్రాలిక్ ఉన్న బండి అయితే పనిముట్టు కిందికి జారకూడదు. నిదానపు గేరులో కాస్త బరువు మీద నడిపి గేరు జారుతుందేమో చూడండి. చివరిగా, పొట్ట కింద కల్టివేటర్ బిగించే అసలు బ్రాకెట్లు, లివర్లు బండితో పాటు వస్తున్నాయో లేదో అడగండి. అవి లేని బండిని తక్కువకు కొని తర్వాత వాటి కోసం తిరగడం కన్నా, అన్నీ ఉన్న బండికి కాస్త ఎక్కువ పెట్టడమే నయం.

భద్రత దగ్గర సర్దుకోకండి

ఈ కాలపు ట్రాక్టర్లకు బోల్తా పడితే కాపాడే కమ్మీ ఉండదు. చక్రాలు దగ్గరగా పెట్టి ఏటవాలు నేల మీద అడ్డంగా నడపడం ప్రాణం మీదికి తెస్తుంది. వీలైతే తగిన కమ్మీ, సీటుబెల్టు అమర్చుకోండి, కుదరకపోతే చదును నేలకే పరిమితం చేయండి. బరువు లాగాల్సి వస్తే వెనక కింద ఉండే లాగుడు కమ్మీకే (డ్రాబార్) కట్టాలి, ఇరుసుకు గానీ అంతకన్నా పైన గానీ కట్టకూడదు. తిరిగే షాఫ్ట్‌ల మీద తొడుగులు లేకపోతే చేయించుకోండి. పాత క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి. పనిముట్ల కింద చెయ్యి పెట్టాల్సి వస్తే ఇంజిన్ ఆపి, కింద దుంగ పెట్టాకే.

ఏ పనిముట్టు ఎప్పుడు

కత్తులు: ఎల్ ఆకారంలో ఉండే కత్తికి నిలువు భాగం పంట వైపు, చదును పాదం వరుసల మధ్యకు ఉండేలా బిగించాలి. అప్పుడు మట్టి మొక్క మీద పడదు, వేరు తెగదు. మొక్క పసిగా ఉన్నప్పుడు వరుసకు అటూ ఇటూ ఇవే.

బాతు పాదం ఆకారపు కర్రులు: వరుసల మధ్య జాగాకు, చక్రాల దారికి ఇవి. వేగం పెరిగితే మట్టిని పక్కకు విసురుతాయి, పసి మొక్కల పక్కన అది చేటు, ఎదిగిన మొక్కల దగ్గర అదే మేలు.

బుట్ట వీడర్ (వీడర్ అంటే కలుపు తీసే పనిముట్టు): తీగలతో అల్లిన ఉక్కు బుట్టలు రెండు వరుసలుగా ఉంటాయి. ముందు బుట్టలు నేల మీద దొర్లుతూ, గొలుసు ద్వారా వెనక బుట్టలను తమకన్నా వేగంగా తిప్పుతాయి. ఆ వేగం తేడా వల్లే వెనక బుట్ట పైమట్టిని గీకి కలుపు వేళ్లను గాలికి తేలుస్తుంది. మట్టి పక్కకు పోదు కాబట్టి ఆకుకూరల దగ్గర వేగంగా నడపవచ్చు. రాళ్లున్న నేల, పెళ్లలు కట్టిన నేల, తడి నేల దీనికి పనికిరావు. తడిలో నడిపితే బుట్టలు మట్టితో నిండి ఉత్త రోలర్లలా దొర్లుతాయి.

వేళ్ల వీడర్: చేతివేళ్లలా ఉండి రబ్బరులా వంగే పుల్లలున్న చక్రాలు వరుసకు రెండు వైపులా జంటగా తిరుగుతూ మొక్కకూ మొక్కకూ మధ్యనున్న మొలకలను కదిలిస్తాయి. వరుస లోపలి కలుపును అందుకునేవి కొన్నే, వాటిలో ఇది మేటి. అయితే నాటిన మొక్క బాగా వేరు పట్టి ఉండాలి. మెల్లగా లాగి చూడండి, మొక్క ఊడి రాకపోతే ఈ వీడర్‌కూ నిలుస్తుంది. వీటికి ముందు ఒక కత్తి నడిచి నేలను గుల్ల చేస్తే పని ఇంకా బాగుంటుంది.

డిస్కులు: మొదట్లో మట్టిని వరుస నుంచి అవతలికి లాగేలా, మొక్క ఎదిగాక వరుస వైపు ఎగదోసేలా తిప్పి బిగించుకోవచ్చు. మొక్కజొన్న, చిక్కుడు, క్యాబేజీ, బంగాళాదుంపల్లో మొదట్లోని పసి కలుపును మట్టితో కప్పేయడం చాలా బలమైన పద్ధతి. కలుపు బారెడు ఎదిగాక ఎగదోస్తే దానికే ఎరువు వేసినట్టు.

సిమెంటు నేల మీద బిగింపు

కర్రులను పొలంలో అంచనా మీద బిగించకండి. చదునైన సిమెంటు నేల మీద సుద్దముక్కతో నడి గీత, వరుసల గీతలు, చక్రాల దారి గీయండి. టైర్ల గాలి రెండు వైపులా సమానంగా ఉందో చూడండి. ఒక వైపు తగ్గితే టూల్‌బార్ (కర్రులు బిగించే అడ్డ కమ్మీ) ఒరిగి, ఒక పక్క కర్రు లోతుకు, ఇంకో పక్క కర్రు గాలిలో నడుస్తాయి. ట్రాక్టరును గీతల మీద సరిగ్గా నిలబెట్టండి.

ఇప్పుడు లోతు. మడీ చక్రాల దారీ ఒకే మట్టంలో ఉంటే, మీకు కావాల్సిన లోతంత మందం ఉన్న చెక్కపలకలు నాలుగు చక్రాల కిందా పెట్టండి. 2.5 సెంటీమీటర్ల లోతు కావాలంటే 2.5 సెంటీమీటర్ల పలకలు. పనిముట్లను దించి ప్రతి కత్తీ నేలను పూర్తిగా తాకేలా బిగించండి. పలకలు తీసేసినట్టు ఊహించుకుంటే కత్తులన్నీ నేలలో సరిగ్గా అంత లోతున ఉన్నట్టే. మడి దారికన్నా ఎత్తుగా ఉంటే లెక్క తిరగబడుతుంది. మడి 8 సెంటీమీటర్లు ఎత్తు, లోతు 2.5 అనుకుంటే కత్తి చక్రం మట్టం కన్నా 5.5 సెంటీమీటర్లు పైన ఉండాలి. కాబట్టి 5.5 సెంటీమీటర్ల దుంగలను చక్రాల కింద కాకుండా కత్తుల కింద పెట్టాలి. మెత్తని నేలలో చక్రం దిగబడే లోతును కూడా దారి లోతులో కలుపుకోండి.

వరుస గీతకు రెండు వైపులా మొదట 5 సెంటీమీటర్ల చొప్పున వదలండి. చెయ్యి కుదిరాక 3, 4 సెంటీమీటర్లకు దగ్గర చేసుకోవచ్చు. పక్కపక్క కర్రుల కోతలు ఒకదాని మీదికి ఒకటి రెండు మూడు సెంటీమీటర్లు రావాలి, లేకపోతే సరిగ్గా ఆ సందులోనే కలుపు గీత మిగిలిపోతుంది. ట్రాక్టరు వెనక, చక్రాలు తొక్కిన దారిలో చెరొక కర్రు తప్పకుండా పెట్టండి. తొక్కుడు పడ్డ నేలలో కలుపు గట్టిగా నాటుకుంటుంది. బిగింపు పూర్తయ్యాక ప్రతి క్లాంప్ స్థానంలో టూల్‌బార్ మీద పెయింటుతో గుర్తు పెట్టండి. మొదటి మడి తిరిగాక బోల్టులు మళ్లీ బిగించండి, అవి వదులవుతాయి.

పాత చిన్న ట్రాక్టర్ల అసలు లాభం ఇక్కడే ఉంది. ఒక కొత్త బండికి మాటిమాటికీ పనిముట్లు మార్చే బదులు, ఒకదానికి బుట్టలు, ఇంకొకదానికి కత్తులు, డిస్కులు బిగించి అలాగే ఉంచేయవచ్చు. అదను రెండు మూడు గంటలే ఉన్న రోజున బండి ఎక్కి వెళ్లిపోవడమే. బిగింపుకు పూట పట్టే బండి ఆ రోజు షెడ్డులోనే ఉండిపోతుంది.

విత్తనానికి ముందు, మొలకకు ముందు

మడిని రెండు మూడు వారాల ముందే చేసి, తడి ఇచ్చి, లేచిన కలుపును పైపైన గీకి చంపి, ఆ తర్వాత విత్తనం వేస్తే సగం యుద్ధం అయిపోయినట్టే. లోతుగా గీకితే కింది కలుపు గింజలు పైకొస్తాయి, అందుకే మూడు సెంటీమీటర్లు దాటనివ్వకండి.

క్యారెట్ లాంటి ఆలస్యంగా మొలిచే పంటల్లో విత్తాక కూడా ఒక అవకాశం ఉంది. పంట మొలకెత్తే ముందు రోజు మడి మీదుగా మంటను పైపైన తగిలించి, అప్పటికే లేచిన కలుపును వాడ్చేయవచ్చు. ఆ ముందు రోజును పట్టుకోవడానికి ఒక గాజు పలకను వరుస మీద ఒక చోట పరచండి. దాని కింద నేల వేడెక్కి విత్తనం కాస్త ముందుగా మొలుస్తుంది. గాజు కింద మొదటి క్యారెట్ మొలక కనబడిన నాడే మంటకు సిద్ధం కావాలి. ఎండు గడ్డి, గాలి ఉన్న రోజు మాత్రం మంట జోలికి వెళ్లొద్దు.

విత్తనం వేసే రోజు నిదానమే మంచిది. వరుసలన్నీ ఒకే దఫాలో పడాలి, విడివిడిగా వేస్తే వాటి మధ్య దూరం చోటుచోటుకూ మారుతుంది. ఏ దిక్కుగా విత్తారో మడి మొదట జెండా పాతి గుర్తుపెట్టుకుని కలుపు తీతకూ అదే దిక్కున వెళ్లండి. నేల కాస్త ఏటవాలుగా ఉన్నచోట విత్తే ట్రాక్టరు ఎటు జారిందో కలుపు ట్రాక్టరు కూడా అటే జారుతుంది.

ఎప్పుడు దిగాలి, ఎలా నడపాలి

కలుపు కనబడ్డాక దిగితే ఆలస్యమైనట్టే. విత్తిన వారం తర్వాత వరుసల మధ్య మట్టిని వేలితో ఒక సెంటీమీటరు లోతున గీకి చూడండి. తెల్లని దారాల్లాంటి మొలకలు కనిపిస్తే అదే అదను. ఆ దశలో మట్టి కదిలితే చాలు, అవి చచ్చిపోతాయి. రెండు జతల ఆకులు వచ్చాక కోయాలి, నాలుగైదు ఆకులయ్యాక కోసినా తిరిగి నాటుకునేవి ఉంటాయి.

నేల పదును (తేమ) చూసుకోండి. పిడికిట్లో మట్టి ముద్దయితే ఆ రోజు వద్దు. మిట్టమధ్యాహ్నం, ఎండ, పొడి గాలి ఉన్నప్పుడు లేచిన కలుపు గంటలో వాడిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఉదయం మొక్కలు నీరు నిండి పెళుసుగా ఉంటాయి, తగిలితే టక్కున విరుగుతాయి. మధ్యాహ్నానికి కాస్త సడలి వంగుతాయి. సాయంత్రం వాన వచ్చేలా ఉంటే ఆ పని వాయిదా వేయడమే మంచిది, తడిలో కలుపు మళ్లీ వేరు పట్టేస్తుంది.

నడిపేటప్పుడు మూడు వరుసలనూ చూడాలని ప్రయత్నించకండి. ఒకే వరుస, ఒకే జత కత్తులు. సరిగా బిగించి ఉంటే మిగతావి వాటంతట అవే సరిపోతాయి. టూల్‌బార్‌కు ముందు ఒక సన్నని ఇనుప పుల్లను వరుస మీదికి వేలాడేలా కట్టుకుంటే చూపు నిలుస్తుంది. స్టీరింగ్‌ను చిన్న చిన్న కదలికలతోనే సరిచేయండి. పది మీటర్లు వెళ్లి ఆపి దిగండి. చేత్తో పైమట్టిని తోసి కత్తి వెళ్లిన అడుగు చూడండి: అంతా ఒకే మట్టంలో నున్నగా ఉందా, మధ్యలో తెగని గట్టు మిగిలిందా? పంట మొక్క కదిలిందా, దాని మీద మట్టి పడిందా? వేగం పెంచాలో తగ్గించాలో ఈ జవాబులే చెబుతాయి. కత్తులతో పసి మొక్కల్లో గంటకు 2, 3 కిలోమీటర్లు, బుట్టలతో 6 పైచిలుకు, వేళ్ల వీడర్‌తో 5 నుంచి 8 కిలోమీటర్లు మంచి నడక.

వారం పది రోజులకు మళ్లీ దిగాలి, పచ్చగా ఏమీ కనబడకపోయినా సరే. మొక్క ఆకులు వరుసల మధ్య కలిసే దాకా ఇదే తీరు. తుంగ, గరిక ఉన్న మళ్లలో మాత్రం ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోకండి. కర్రులు వాటి గడ్డలను, కాడలను ముక్కలు చేసి మడంతా పంచుతాయి. అలాంటి మడిని ముందు పంట లేకుండా ఉంచి, ఎండలో మళ్లీ మళ్లీ కదిపి, వాటిని నీరసింపజేశాకే కూరగాయలకు తీసుకోవాలి.

సీజను అయ్యాక

పెట్రోల్ ట్యాంకును, కార్బురేటర్ గిన్నెను ఖాళీ చేయండి, నిల్వ పెట్రోల్ జిగురులా పేరుకుని జెట్లు మూసేస్తుంది. ఆరు వోల్టుల బ్యాటరీ అయితే తీసి చార్జి పెట్టండి. కొన్ని పాత బండ్లలో పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉంటుంది, తిరిగి బిగించే ముందు చూసుకోండి. కత్తుల అంచులను పైవైపు నుంచి మాత్రమే ఆకురాయితో పట్టండి, అడుగు చదునుగా ఉంటేనే లోతు నిలకడగా ఉంటుంది. తర్వాత ఉక్కు అంతటికీ నూనె పూసి, పెయింటు గుర్తులు చెరిగిపోయిన చోట మళ్లీ వేసి ఉంచండి.